విజ్ఞానం కోసం జోలె పట్టిన సర్ సయ్యద్ అహమ్మద్ ఖాన్

సర్ సయ్యద్ అహమ్మద్ ఖాన్ గారి పేరు వినని ముస్లిం కుటుంబం మన ప్రాంతంలో అరుదు. అలీగఢ్ యూనివర్సిటీ పెట్టిన పెద్దమనిషి అని బడిపిల్లలు కూడా చెప్పేస్తారు. అయితే అది సగం మాటే. యూనివర్సిటీ ఏర్పడింది 1920లో, అప్పటికి ఆయన కాలం చేసి 22 ఏళ్లయింది. ఆయన బతికుండగా నిలబెట్టింది ఒక కాలేజీ. ఆ కాలేజీకి 11 ఏళ్ల ముందే ఆయన ఇంకొక పని మొదలుపెట్టారు. ఇంగ్లీషు రానివాళ్లకు వాళ్ల భాషలోనే సైన్సు నేర్పాలని, అందుకయ్యే ఖర్చు జనం దగ్గర చందాలుగా పోగుచేయాలని ఒక సంఘం పెట్టారు. మేము ఇక్కడ ముఖ్యంగా ఆ పని గురించీ, ఆ చందాల గురించీ చెప్పదలిచాం. చందా పుస్తకం చేతబట్టుకుని గడపగడపా తిరిగిన అనుభవం ఉన్న మన సభ్యులకు ఆ మనిషి కష్టం ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది.

ఆయన 1817 అక్టోబరు 17న ఢిల్లీలో పుట్టారు. మొగలు దర్బారుతో సంబంధం ఉన్న కుటుంబం. అప్పటికి ఆ దర్బారులో పేరే మిగిలింది గాని పెత్తనం లేదు. తల్లిగారి తండ్రి ఖ్వాజా ఫరీదుద్దీన్ లెక్కల్లోనూ ఖగోళంలోనూ దిట్ట, అక్బర్ షా పాదుషాకు వజీరుగా పనిచేసినవాడు. మేనమామ ఒకాయన ఇంట్లో ఖగోళ పరికరాలు పెట్టుకుని వాటితోనే కాలక్షేపం చేసేవాడు. కుర్రవాడు సయ్యద్ అహమ్మద్ లెక్కలు నేర్చుకున్నది ఆ మామ దగ్గరే. తల్లి అజీజున్నిసా బేగం ఇంటికి ఏ ఆదాయం వచ్చినా నూటికి ఐదు వంతున పక్కకు తీసి, పేదలకూ దిక్కులేని ఆడవాళ్లకూ ఖర్చుచేసేవారు. చందాల మనిషికి మొదటి పాఠం అక్కడే అందిందనుకోవాలి.

పెద్ద చదువులేమీ ఆయన చదవలేదు. 1838లో తండ్రి పోయాక ఇల్లు గడవడం కోసం బంధువులు వారిస్తున్నా వినకుండా కంపెనీ కచేరీలో చిన్న ఉద్యోగంలో చేరారు. తరువాత మున్సిఫ్ అయ్యారు. ఉద్యోగం చేసుకుంటూనే పుస్తకాలు రాశారు. 1844లో బరువులు ఎత్తే యంత్రాల మీద ఒక గ్రంథాన్ని ఫారసీ నుంచి ఉర్దూలోకి తెచ్చారు. 1847లో ఢిల్లీ పాత కట్టడాల మీద ఆసార్ ఉస్ సనాదీద్ అనే పెద్ద గ్రంథం వెలువరించారు. దానికోసం కుతుబ్ మీనారు పైభాగంలో ఉన్న శాసనాలు చదవవలసివచ్చింది. రెండు గుంజల మధ్య బుట్ట కట్టించి, అందులో కూర్చుని పైకి లాగించుకుని అక్షరం అక్షరం రాసుకున్నారు. కింద నిలబడ్డ స్నేహితుల గుండెలు గుబగుబలాడాయట. బరువులెత్తే యంత్రాల పుస్తకం రాసినాయన తానే బరువై పైకెక్కడం చూడండి!

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1848లో ఆయన ఒక చిన్న పుస్తకం రాశారు. భూమి తిరగదు, కదలదు అని నిరూపించడమే ఆ పుస్తకం పని! పాత చదువులో పెరిగినవాడు గనుక గట్టిగానే వాదించారు. ఆ తరువాత కొత్త ఖగోళ శాస్త్రం తెలిసి, తన వాదం తప్పని గ్రహించి వదిలేశారు. ఆయనను పుట్టుకతోనే నవీన శాస్త్రవేత్తగా చూపించే జీవితచరిత్రలు ఈ పుస్తకం ఊసెత్తవు. మాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగేది ఇక్కడే. ముప్పై ఏళ్లు వచ్చిన మనిషి, నలుగురిలో అచ్చువేసి చెప్పిన మాటను వదులుకోవడం చిన్న విషయం కాదు.

1857 గలాటా నాటికి ఆయన బిజ్నోరులో ఉద్యోగం చేస్తున్నారు. అక్కడి ఇంగ్లీషు కుటుంబాలను ప్రాణాలతో బయటపడేశారు. ఢిల్లీలో సొంతవాళ్లను మాత్రం కాపాడుకోలేకపోయారు. దగ్గరి బంధువులు చంపబడ్డారు. తల్లి ఒక గుర్రాల సాయిసు ఇంట్లో తలదాచుకుని, గుర్రాలకు పెట్టే దాణా తిని రోజులు గడిపింది. కొడుకు వెతుక్కుంటూ వెళ్లి ఆమెను మీరట్ తీసుకువచ్చినా ఎక్కువకాలం బతకలేదు. ఆ దెబ్బకు ఆయన ఈ దేశమే వదిలి ఈజిప్టు వెళ్లిపోదామనుకున్నారు. కొన్నాళ్లకు ఆ ఆలోచన మానుకుని మురాదాబాదులో ఉద్యోగంలో కుదురుకున్నారు. 1860లో అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. కలెక్టరు జాన్ స్ట్రేచీ గంజి కేంద్రాల బాధ్యత ఈయనకే అప్పగించాడు. వేలమందికి రోజూ తిండి పెట్టించడం, రోగులను చూడడం, లెక్క తప్పకుండా సరుకు పంచడం, అంతా ఆయన చేతిమీదుగానే జరిగింది.

ఆకలికి గంజి పోయవచ్చు గాని ఆకలి రాకుండా చేసేది ఏమిటన్న ప్రశ్న ఆయనను వదల్లేదు. 1862లో ఘాజీపూరుకు బదిలీ అయింది. అక్కడే 1864 జనవరి 9న సైంటిఫిక్ సొసైటీ ప్రారంభమైంది. దాని ఆలోచన సూటిగా ఉంటుంది. ఇంగ్లీషు నేర్చుకుని సైన్సు చదవడం లక్షల్లో ఏ కొద్దిమందికో సాధ్యం. మిగిలినవాళ్ల సంగతేమిటి? అందువల్ల సైన్సునే ఉర్దూలోకి తీసుకురావాలి. సభ్యులు చందా ఇస్తారు, ఆ డబ్బుతో అనువాదకులను పెట్టి పుస్తకాలు రాయించి అచ్చువేయిస్తారు. ముస్లిములు, హిందువులు, ఇంగ్లీషువాళ్లు ముగ్గురూ అందులో సభ్యులు. మత గ్రంథాల జోలికి పోకూడదని నియమం పెట్టుకున్నారు. ఆ నియమం వల్లనే ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చోగలిగారని మా అభిప్రాయం.

ఆ ఏడాదే ఆయనకు అలీగఢ్ బదిలీ అయింది. సొసైటీ కూడా సామానుతో సహా ఆయన వెంటే వెళ్లింది. అలీగఢ్‌లో దానికి సొంత భవనం, తోట ఏర్పడ్డాయి. ఆ తోట పూలమొక్కల కోసం కాదు. కొత్తరకం వ్యవసాయ పనిముట్లు తెప్పించి, కొత్త పద్ధతిలో దున్ని, విత్తి, పంట ఎలా వస్తుందో అక్కడి జమీందార్లకూ రైతులకూ కళ్లకు కట్టినట్టు చూపించేవారు. లోపల హాలులో పరికరాలు పెట్టి విద్యుత్తు వంటి విషయాల మీద ఉపన్యాసాలు ఇప్పించేవారు. చేతిలో చూపించకుండా నోటితో చెబితే సైన్సు ఎవరికీ ఎక్కదని ఆయనకు బాగా తెలుసు. అనువాదమైన పుస్తకాల్లో చరిత్ర, అర్థశాస్త్రం, వ్యవసాయం, విద్యుత్తు, బీజగణితం, త్రికోణమితి ఉన్నాయి. లెక్కల పుస్తకాలు మౌల్వీ జకావుల్లా గారి చేతిమీదుగా వచ్చాయి.

1866 మార్చి 30న సొసైటీ పత్రిక వెలువడింది. అదే అలీగఢ్ ఇన్‌స్టిట్యూట్ గెజిట్. ఒకే కాగితం మీద ఒకవైపు ఇంగ్లీషు, పక్కనే ఉర్దూ. పాలకులకు ప్రజల మాట, ప్రజలకు లోకం మాట తెలియాలని ఆ ఏర్పాటు. మరుసటి ఏడాది సర్ సయ్యద్ గారికి బనారసు బదిలీ అయితే సొసైటీ భారం మోసినవారు రాజా జైకిషన్ దాస్. హిందూ జమీందారు, ఆయనకు ఆప్తమిత్రుడు. ఈ పేరు మనవాళ్లు మరిచిపోకూడదు.

1869లో ఆయన కొడుకులిద్దరినీ వెంటబెట్టుకుని ఇంగ్లండు బయలుదేరారు. చిన్నవాడు సయ్యద్ మహమూద్‌కు సర్కారు స్కాలర్‌షిప్పు వచ్చింది. తన ఖర్చులకు మాత్రం ఇల్లు తాకట్టు పెట్టి, ప్రాణంగా చూసుకున్న పుస్తకాలు అమ్మారు. లండనులో ఇళ్లలో పనిచేసే ఆడపిల్లలు, బండ్లు తోలేవాళ్లు సైతం పేపరు చదవడం చూసి నివ్వెరపోయారు. కేంబ్రిడ్జి కాలేజీలు, అక్కడ విద్యార్థులు మాస్టర్లతో కలిసి ఒకేచోట ఉండే పద్ధతి శ్రద్ధగా గమనించారు. 1870లో తిరిగివచ్చి తహ్‌జీబుల్ అఖ్లాఖ్ అనే పత్రిక పెట్టారు. ఇక కాలేజీ పెట్టవలసిందేనని నిశ్చయించుకున్నారు.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఆయన మత విషయాల మీద రాసిన రాతలు చాలామంది పండితులకు నచ్చలేదు. కాఫిర్ అన్నారు. ఫత్వాలు వచ్చాయి. మక్కా దాకా వెళ్లి అక్కడినుంచి ఫత్వా తెచ్చినవారు కూడా ఉన్నారు. ఆయన రాతలన్నిటితో ఏకీభవించవలసిన అవసరం మనకూ లేదు. కాని ఆయన చేసిన పని ఒకటి గమనించండి. తన మత అభిప్రాయాలు కాలేజీలో పాఠంగా చెప్పించబోనని ఒప్పుకుని, దీనీ చదువు సంప్రదాయ పండితుల చేతుల్లో పెట్టారు. 1893లో ఆ శాఖకు పెద్దగా వచ్చినవారు దేవబంద్ మౌలానా ఖాసిం నానోత్వీ గారి అల్లుడు మౌలానా అబ్దుల్లా అన్సారీ. తన పట్టుదల కోసం పిల్లల చదువు చెడగొట్టుకోలేదు.

1875 మే 24న మదరసతుల్ ఉలూమ్ తెరిచారు. మరుసటి సంవత్సరం ఉద్యోగం నుంచి రిటైరై అలీగఢ్‌లోనే స్థిరపడ్డారు. 1877 జనవరి 8న వైస్రాయి లార్డ్ లిట్టన్ చేత కాలేజీకి శంకుస్థాపన చేయించారు. అక్కడినుంచి చనిపోయేదాకా 20 ఏళ్లకు పైగా ఆయన బతుకంతా చందాలే.

ఆ చందాల కథ ఎంత చెప్పినా తరగదు. దాతల పేర్లు రాళ్ల మీద చెక్కించడం ఆయన కనిపెట్టిన గొప్ప ఉపాయం. ఎక్కువ ఇచ్చినవాళ్ల పేరు పెద్ద హాలులో, అంతకు తక్కువ ఇచ్చినవాళ్ల పేరు హాస్టలు గదుల మీద, ఇంకా తక్కువ ఇచ్చినవాళ్ల పేరు ప్రహరీ గోడలో. పటియాలా మహారాజు ఇచ్చారు, లార్డ్ నార్త్‌బ్రూక్ స్కాలర్‌షిప్పుల కోసం 10,000 రూపాయలు ఇచ్చారు. కాని గోడ నిండింది మాత్రం మామూలు గుమాస్తాల, వకీళ్ల, చిన్న జమీందార్ల పేర్లతోనే. హాలుకు, మురాదాబాదు కరువు నాటి ఆ స్ట్రేచీ పేరు పెట్టారు.

లాటరీ కూడా పెట్టారు. అది జూదం కదా అని ఆక్షేపణ వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఈ ఒక్క విషయంలో మేము ఆక్షేపించినవారి పక్షమే.

1889లో అలీగఢ్ నుమాయిష్‌లో నాటకశాల కట్టించారు. పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పుల కోసం టిక్కెట్టు పెట్టి ప్రదర్శన ఏర్పాటు చేశారు. పెద్దింటి మనిషి, వైస్రాయి కౌన్సిల్లో కూర్చున్న మనిషి, ఏడు పదులు దాటిన వయసులో స్టేజి ఎక్కి పద్యాలు చదివారు! స్నేహితులు తలదించుకున్నారు, విరోధులు నవ్వారు. ఆయనకు డబ్బు ముట్టింది, అంతే చాలు. మన హైదరాబాదు నుమాయిష్ కూడా 1938లో చదువుకున్న కుర్రవాళ్లు ఆరంభించినదే కదా, దాని రాబడితో విద్యాసంస్థలు నడవడం మనమంతా చూస్తున్నదే. నలుగురూ సరదాగా చేరేచోట చదువుకు పైసలు రాబట్టే విద్య అలీగఢ్ నుమాయిష్ నాటికే ఉందన్నమాట.

చందా అడిగితే ఎవరో నవాబు జోళ్లు విసిరాడనీ, ఆయన వాటినే వేలం వేశారనీ ఒక కథ మన సభల్లో తరచు వినబడుతుంది. ఇదే కథ కాశీ విశ్వవిద్యాలయం మాలవీయ గారి మీద కూడా చెబుతారు. అందుకని మేము దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. జరిగిన సంగతులే కావలసినన్ని ఉన్నాయి.

ఆయనను చూసి విద్యార్థులు కూడా బయలుదేరారు. 1890లో సాహెబ్‌జాదా ఆఫ్తాబ్ అహమ్మద్ ఖాన్ అనే విద్యార్థి తోటివారిని కూడగట్టి అంజుమన్ అల్ ఫర్జ్ స్థాపించాడు. ఫర్జ్ అంటే విధి. సెలవుల్లో ఇళ్లకు పోయిన కుర్రవాళ్లు ఊరూరా తిరిగి పేద విద్యార్థుల కోసం చందాలు వసూలు చేశారు, దుకాణం పెట్టి సరుకులు అమ్మారు. కలిగినవాళ్ల పిల్లలు చేయిచాచి అడగడం నేర్చుకున్నారు. మా దృష్టిలో ఆ కాలేజీ నేర్పిన చదువుల్లో ఇది ఏ పాఠానికీ తీసిపోదు.

హైదరాబాదుతో కూడా ఆయనకు గట్టి సంబంధం ఉంది. మొదటి సాలార్‌జంగ్ గారి కాలం నుంచీ నిజాం సర్కారు ఆ కాలేజీని ఆదుకుంటూ వచ్చింది. ఆయన కుడిభుజాలైన మొహ్‌సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ ఇద్దరూ ఇక్కడ పెద్ద ఉద్యోగాలు చేసినవారే. 1891లో సర్ సయ్యద్ గారు స్వయంగా కవి హాలీ, పండితుడు షిబ్లీ మొదలైనవారిని వెంటబెట్టుకుని హైదరాబాదు వచ్చారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలేజీకి ఇచ్చే నెలవారీ గ్రాంటు పెంచారు.

వైస్రాయి కౌన్సిల్ సంగతి వచ్చింది గనుక ఒకమాట. అక్కడ సభ్యుడిగా ఉండగా మశూచికి టీకాలు వేయించే బిల్లు తెచ్చి 1880లో చట్టం చేయించారు. సూది అంటే జనం భయపడి పిల్లలను దాచేసే రోజులవి.

ఇంతచేసినా, మొదట అనుకున్నది జరిగిందా? పూర్తిగా జరగలేదనే చెప్పాలి. ఉర్దూలో సైన్సు అన్న ఆశయం ఆయనే సగంలో వదిలిపెట్టారు. 1882లో విద్యా కమిషన్ ముందు, అనువాదాల మీద తన పాత నమ్మకం నిలవలేదని, పైచదువులకు ఇంగ్లీషు తప్పదని చెప్పేశారు. పుస్తకాలు అనువాదమయ్యేలోపు అవతల సైన్సు ముందుకు పోతున్నది, చదివినవాడికి ఉద్యోగమూ రావడం లేదు. కాలేజీకి వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది సర్కారు కొలువుల కోసం, వకీలు పట్టాల కోసం వచ్చినవాళ్లే. తండ్రులు అడిగింది కూడా అదే. తోటలో నాగలి పట్టించి చూపించిన మనిషి చివరికి తహశీల్దార్లను తయారుచేసే కాలేజీ నడిపారని కొందరంటారు. మాట కటువుగా ఉన్నా అందులో నిజం లేకపోలేదు. ఆడపిల్లల చదువు సంగతీ అంతే. ముందు మగవాళ్లు చదువుకుంటే తరువాత ఆడవాళ్ల చదువు దానంతటదే వస్తుందని ఆయన నమ్మారు. దానంతటది రాలేదు. 1906లో షేక్ అబ్దుల్లా గారు, ఆయన భార్య వహీద్ జహాన్ బేగం గారు పూనుకుంటే గాని అలీగఢ్‌లో ఆడపిల్లల బడి తెరవబడలేదు.

ఇంకొక లోపం లెక్కల్లో జరిగింది. కాలేజీ వ్యవహారమంతా ఆయన ఒక్కరి చేతిలోనే ఉండేది. 1889లో తన తరువాత కొడుకు మహమూద్ సెక్రెటరీ కావాలని నియమం చేయించడంతో పాత సహచరులు కొందరు మనసు విరిగి విడిపోయారు. పనిభారం వల్ల గుమాస్తాను నమ్మి చూడకుండా సంతకాలు పెట్టేవారు. 1895లో ఆ గుమాస్తా లక్ష రూపాయలకు పైగా కాజేసిన సంగతి బయటపడింది. పైసా పైసా అడుక్కుని చేర్చిన డబ్బు, గోడమీద పేరున్నవాళ్ల డబ్బు! ఆ దెబ్బకు ముసలాయన కుంగిపోయారు. కొడుకు ఆరోగ్యం, ప్రవర్తన కూడా ఆయనను ఎంతో క్షోభపెట్టాయి. 1898 మార్చి 27న ఒక మిత్రుడి ఇంట్లో కన్నుమూశారు. లక్షలు వసూలు చేసిన మనిషి దగ్గర సొంత సొమ్ము లేక, అంత్యక్రియల ఖర్చు మొహ్‌సినుల్ ముల్క్ భరించవలసివచ్చింది. మర్నాడు కాలేజీ మసీదు ఆవరణలోనే ఖననం చేశారు.

అప్పుల్లో ఉన్న కాలేజీని మొహ్‌సినుల్ ముల్క్ గట్టెక్కించారు. 1906లో వేల్స్ యువరాజు కాలేజీ చూడవచ్చిన సందర్భాన్ని అందిపుచ్చుకుని, ఆయన పేరుమీద సైన్సు స్కూలుకు నిధి సేకరించారు. బొంబాయి వర్తకుడు ఆదమ్‌జీ పీర్‌భాయి లక్షకు పైగా ఇచ్చారు. ఘాజీపూరు సొసైటీకి 42 ఏళ్లు నిండాక అలీగఢ్‌లో సైన్సుకంటూ ప్రత్యేకంగా ఒక ఇల్లు ఏర్పడే దారి దొరికింది. తరువాత 1930లలో ఇంజనీరింగు కాలేజీ కూడా వచ్చింది. దానికి పూనుకున్న డాక్టర్ జియావుద్దీన్ అహమ్మద్ గారు సర్ సయ్యద్ కాలంలో అక్కడే చదువుకున్న లెక్కల విద్యార్థి.

ఇక ఆయన సగంలో వదిలిన అనువాదాల పని మన హైదరాబాదులో మళ్లీ తలెత్తింది. సయ్యద్ మహమూద్ కొడుకు, అంటే సర్ సయ్యద్ గారి మనుమడు రాస్ మసూద్, 1916లో ఇక్కడ విద్యాశాఖ డైరెక్టరుగా వచ్చారు. 1917లో అనువాద శాఖ ఏర్పడింది, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది. భౌతిక, రసాయన శాస్త్రాలు, లెక్కలు, వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలో పుస్తకాలు తయారయ్యాయి. తాత సభ్యుల చందాలతో నెట్టుకొచ్చిన పనిని మనుమడు ఒక సర్కారు ఖజానా అండతో నడిపించారు. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. అంతవరకు మూడు దశాబ్దాల పాటు అక్కడి కుర్రవాళ్లు ఆ పుస్తకాలతోనే చదివి డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారు.